తోలు మీది ఉప్పు పొలంలోకి రాకముందే

ఆదివారం పొద్దున వరంగల్లులో ఏ మటన్ దుకాణం ముందు నిలబడ్డా కొనేవాళ్ళ చూపంతా తక్కెడ మీదనే ఉంటుంది. దుకాణం వెనక ఒక మూలకు పచ్చి తోళ్ళు ఒకదానిమీదొకటి పడేసి ఉంటాయి. ఎండ ముదరకముందే ఒక ఆటో వస్తుంది. తోళ్ళు లెక్కబెట్టి ఎత్తుకొని పోతుంది. ఆ తోళ్ళు ఎక్కడికి పోతాయి? వాటిని ఏం చేస్తారు? ఈ ప్రశ్న మనలో ఎంతమందిమి వేసుకున్నాం?

నేనూ చాలా కాలం వేసుకోలేదు. కూలీల సంఘంలో తిరిగేవాడికి కూలి రేట్లు, ఉపాధి పని బిల్లులు, భూమి తగాదాలు, వీటికే పొద్దు చాలదు. కొన్నేళ్ళ కిందట ఒక కూలి తగాదా మీద వరంగల్లు చుట్టుపక్కల ఒక తోళ్ళ గోదాముకు పోవలసి వచ్చింది. గోదాము పేరు, ఊరి పేరు ఇక్కడ రాయను. ఒకదాని పేరు రాస్తే మిగతావన్నీ మంచివనుకునే ప్రమాదం ఉంది.

రేకుల షెడ్డు. లోపల పదిమంది కూలీలు, అందులో నలుగురు ఆడవాళ్ళు. ఒకరు తోలు పరుస్తున్నారు. వెంట్రుకల వైపు కిందికి, కండ వైపు పైకి. ఇంకొకరు గంపలోంచి దోసిళ్ళతో ఉప్పు తీసి చల్లి అరచేత్తో రుద్దుతున్నారు. దానిమీద ఇంకో తోలు, మళ్ళీ ఉప్పు. అట్లా నడుమెత్తు గుట్ట లేచింది. గుట్ట అడుగు నుంచి ఎర్రటి ఉప్పునీళ్ళు కారి, గచ్చు మీదుగా పోయి, గోడకున్న తూములోంచి బయటపడుతున్నాయి.

కూలి ఎంత ఇస్తున్నారని అడగబోతే ఒక అక్క అడ్డం వచ్చింది. "కూలి సంగతి తర్వాత మాట్లాడుదువు గని అన్నా, ముందుగాల ఈ చేతులు జూడు" అని రెండు అరచేతులు చాపింది. వేళ్ళ సందులన్నీ పగిలి ఉన్నాయి. "ఇంటికి పోయి అన్నంల కారం కలుపుకుంటె పానం పోయినట్టయితది. అందుకే చెంచతోని తింటున్న, పట్నం దొరసాని లెక్క" అని నవ్వింది.

తూము బయట ఒక చిన్న కాలువ. కాలువ కింద రెండెకరాల చెలక. ఆ రైతు గట్టు మీదనే కూర్చొని ఉన్నాడు. "మొదలు గట్టు పక్క నాలుగు సాళ్ళు మాడిపోయినయి. ఎరువు తక్కువైందేమో అని యూరియా ఏసిన. మల్ల ఏడు ఇంకో పది సాళ్ళు పోయినయి. ఎండకాలం నేల మీద సున్నం జల్లినట్టు తెల్లగ తేలింది. ఇంత తీసి నాలికె మీద పెట్టుకున్న. ఉప్పే!" అన్నాడు.

అక్కడే ఆ అక్క ఇంకొక మాట అన్నది. "ఈ చెలకల మిరప ఏరుడుకు మా వాడ ఆడోళ్ళమే పోయేది. ఇప్పుడు మిరప లేదు. గీడ ఉప్పు జల్లుతున్నం."

ఈ ఒక్క మాటలో అంతా ఉంది. పొలం చౌడు పడితే రైతు ఒక్కడే నష్టపోడు. ఆ పొలంలో పని చేసే కూలీ చేతిలో పని పోతుంది. పని పోయిన కూలీ ఏ పని దొరికితే ఆ పనికి పోతుంది. ఇక్కడ దొరికిన పని, ఆ చౌడును పుట్టించే పనే.

ఉప్పు ఎందుకు చల్లుతారు?

పశువు చర్మం ఒలిచిన కొన్ని గంటల్లోనే మన ఎండలకు కుళ్ళడం మొదలవుతుంది. కంటికి కనిపించని సూక్ష్మజీవులు దాన్ని తింటాయి. ఉప్పు చల్లితే తోలులోని నీళ్ళు బయటికి లాగేస్తుంది. తడి తగ్గి, ఉప్పు పెరిగిన చోట ఆ జీవులు పెరగలేవు. మామిడికాయ ముక్క మీద ఉప్పు చల్లి ఊరబెట్టడం వెనక ఉన్న కిటుకే ఇక్కడా ఉంది. తోలు బరువులో 30 నుంచి 50 శాతం దాకా ఉప్పు పడుతుంది. అంటే మూడు పాళ్ళ తోలుకు దాదాపు ఒక పాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఉప్పు చల్లుతారు. ఇట్లా ఉప్పు పట్టించిన తోలు వారాల తరబడి చెడకుండా ఉంటుంది. లారీ ఎక్కించి వందల మైళ్ళు పంపవచ్చు.

కార్ఖానాకు చేరిన తర్వాత మొదటి పని ఆ తోళ్ళను నీళ్ళలో నానబెట్టడం. తోలు మెత్తబడాలి, ఉప్పు పోవాలి. ఉప్పంతా ఆ నీళ్ళలోకి దిగుతుంది. ఆ నానబెట్టిన మొదటి నీళ్ళు సముద్రపు నీళ్ళంత ఉప్పగా, ఒక్కోసారి అంతకన్నా ఉప్పగా ఉంటాయి. తర్వాత సున్నంలో వేసి వెంట్రుక తీసి, కండ గీకి, పదును పెట్టేముందు మళ్ళీ ఆమ్లంతో పాటు ఉప్పు కలుపుతారు. దీన్ని పికిలింగ్ అంటారు. ఉప్పు లేకుండా ఆమ్లం వేస్తే తోలు ఉబ్బి పాడవుతుంది. ఈ విధంగా ఉప్పు రెండు దారుల్లో కార్ఖానా నీళ్ళలోకి వస్తుంది. అందులో పెద్ద దారి మొదటిదే, గోదాములో చల్లిన ఉప్పు.

లందలు పోయాయి, లారీలు వచ్చాయి

మన ఊళ్ళలో పాతకాలంలో తోలు పదును పెట్టేది లందల్లో. సున్నపు గుంతలో నానబెట్టి, తంగేడు చెక్క, కరక్కాయ పొడి నీళ్ళల్లో ఊరబెట్టి మాదిగ పనివాళ్ళు తోలు తయారుచేసేవారు. ఊళ్ళో చచ్చిన పశువు తోలు ఊళ్ళోనే లందకు చేరేది. అంత దూరం పోయే పని లేదు గనక అన్ని రోజులు నిలవ ఉంచే అవసరమూ లేదు. ఆ తోలుతోనే మోట బొక్కెన, చెప్పు, కాడి వారు, డప్పు తయారయ్యేవి. మోట లేకపోతే బావి నీళ్ళు మడికి ఎక్కేవి కావు. అంటే తోలు పని వ్యవసాయంలో భాగం.

అయితే ఆ కాలమే బంగారు కాలమని నేను అనడం లేదు. నిజాం ఏలుబడిలో తెలంగాణ ఊళ్ళలో ఆ పనివాళ్ళ చేత దొరలు, పటేళ్ళు చెప్పులు, వ్యవసాయానికి కావలసిన తోలు సామాన్లు వెట్టికి చేయించుకున్నారు. పనివాడిని అంటరానివాడని ఊరి బయట ఉంచి, అతను కుట్టిన చెప్పు మాత్రం కాలికి తొడుక్కున్నారు. అది మర్చిపోయి లందల గురించి పొగడ్తలు రాయడం అన్యాయం. నేను చెప్పదలచింది ఒక్కటే. తోలు పుట్టిన చోటుకూ తోలు తయారయ్యే చోటుకూ దూరం పెరిగినకొద్దీ నడుమ ఉప్పు పెరిగింది.

ఇవాళ మోటలు లేవు, లందలు దాదాపు లేవు. తోళ్ళు మాత్రం పెరిగాయి. 2019 పశుగణనలో దేశంలోకెల్లా ఎక్కువ గొర్రెలున్న రాష్ట్రం తెలంగాణ అని తేలింది. సుమారు 1 కోటి 90 లక్షలు. ఇక మేకల సంగతి. రెండేళ్ళకోసారి మేడారం జాతరలో మొక్కుల కింద తెగేవి, పెళ్ళిళ్ళకు, దసరాకు తెగేవి వేరే. ఇక్కడి పచ్చి తోళ్ళలో చాలా భాగం ఉప్పు పట్టించుకొని తమిళనాడు దిక్కు పోతుంది. అక్కడ వాణియంబాడి, ఆంబూరు, పేర్ణాంబట్టు, రాణిపేట అన్నీ తోళ్ళ కార్ఖానాల ఊళ్ళే. అంటే మన అక్కచెల్లెళ్ళు ఇక్కడ చల్లిన ఉప్పు అక్కడి రైతు బావిలో కరుగుతుంది.

పాలారు చెప్పే పాఠం

పాలారు నది కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి, కుప్పం ప్రాంతంలో మన చిత్తూరు జిల్లా మీదుగా 33 కిలోమీటర్లు పారి తమిళనాడులోకి పోతుంది. అక్కడ దాని ఒడ్డున తెలుగు మాట్లాడే పల్లెలూ ఉన్నాయి. ఆ నది ఒడ్డున పేరుకున్న కార్ఖానాల మురికి నీళ్ళ మీద 1991లో వేలూరు పౌరుల సంక్షేమ వేదిక సుప్రీం కోర్టుకు పోయింది. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి వేలూరు పరిశోధనా కేంద్రం చేసిన సర్వే ఆ తీర్పులో ఉంది. తోళ్ళ కార్ఖానాల ప్రాంతంలో 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో సాగుకు పనికిరాకుండా పోయిందని అది చెప్పింది. మన లెక్కలో 86 వేల ఎకరాల పైమాట. దిండిగల్లు వైపు 13 గ్రామాల్లో చేసిన మరో సర్వేలో 467 బావులకు 350 బావులు చెడిపోయినట్టు తేలింది.

ఆ కేసులో ఉప్పు గురించి ప్రత్యేకంగా వాదన జరిగింది. నీళ్ళలో కరిగిన లవణాల మొత్తాన్ని టీడీఎస్ అంటారు. బయటికి వదిలే నీళ్ళలో అది లీటరుకు 2,100 మిల్లీగ్రాములు దాటరాదని తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి హద్దు పెట్టింది. ఆ హద్దు సరికాదని యాజమాన్యాల తరఫున వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. హద్దు హద్దే అన్నది. పాడు చేసినవాడే బాగుచేసే ఖర్చు, నష్టపోయినవాడికి పరిహారం భరించాలన్న సూత్రం మన దేశపు చట్టంలో భాగమని ఆ తీర్పులోనే చెప్పింది. ఒక్కొక్క కార్ఖానాకు పదివేల రూపాయల జరిమానా కూడా వేసింది.

తర్వాత ఏం జరిగింది? 2025 జనవరిలో అదే పాలారు, అదే తోళ్ళ కార్ఖానాల విషయం మళ్ళీ సుప్రీం కోర్టులో తీర్పుకు వచ్చింది. బాధితులకు ఇవ్వవలసిన పరిహారం ఇంకా ఇవ్వనిది ఏమైనా ఉంటే ఆరు వారాల్లో ఇచ్చి, ఆ సొమ్ము కార్ఖానాల దగ్గర వసూలు చేసుకోమని కోర్టు ప్రభుత్వానికి చెప్పవలసి వచ్చింది. 1991లో పిటిషను వేసిననాడు పుట్టిన పిల్లకు 2025 నాటికి పిల్లలు పుట్టి ఉంటారు. ఉప్పు నీళ్ళు ఒక్క రాత్రిలో పారుతాయి. పరిహారం పారడానికి ముప్పై నాలుగేళ్ళు చాలలేదు.

ఇంకో సంగతి. పరిహారం లెక్క భూమిని బట్టి మొదలవుతుంది. సర్వే నంబరు ఉన్నవాడి నష్టానికి కాగితం ఉంటుంది. ఆ భూమిలో నాటు వేసి, కలుపు తీసి, కోత కోసి బతికే కూలీ నష్టానికి కాగితం ఎక్కడిది? 86 వేల ఎకరాల్లో సగమే పనికిరాకుండా పోయిందనుకుందాం. ఎకరానికి పంటకు ముప్పై పనిదినాలే అనుకుందాం. ఒక్క పంటకు పన్నెండు లక్షల తొంభై వేల పనిదినాలు గాలికి పోయినట్టు. ఈ లెక్క ఎవరు రాశారు?

లెక్క వేసి చూద్దాం

ఉప్పు విషయంలో మనకు చదువు రాదని ఎవరైనా దబాయిస్తే ఈ చిన్న లెక్కలు గుర్తుంచుకుంటే చాలు.

ఒక టన్ను తోళ్ళతో పాటు 300 కిలోల ఉప్పు కార్ఖానాకు వచ్చిందనుకుందాం. కిలో తోలు తయారీకి 35 లీటర్ల నీళ్ళు పడతాయని పై తీర్పులోనే ఉంది. ముతకగా లెక్కిస్తే టన్నుకు 35 వేల లీటర్లు. అందులో 300 కిలోల ఉప్పు కలిస్తే లీటరుకు ఎనిమిదిన్నర గ్రాములు. హద్దు రెండు గ్రాముల పైచిల్లర. అంటే హద్దుకు నాలుగు రెట్లు. మంచినీళ్ళు కలిపి పలచన చేసి హద్దులోకి తేవాలంటే మొత్తం లక్షా నలభై వేల లీటర్ల నీళ్ళు కావాలి. ఒక్క టన్ను తోళ్ళకు! అంత మంచినీరే ఉంటే మనం బోర్లు వేసుకొని అప్పుల పాలు ఎందుకవుతాం? పలచన చేసినా ఉప్పు తగ్గదు గదా, ఎక్కువ నీళ్ళలో పరుచుకుంటుంది, అంతే.

ఇప్పుడు పొలం దిక్కు చూద్దాం. ఎకరం మీద ఒక అంగుళం మందాన నీళ్ళు నిలబెడితే లక్ష లీటర్లు దాటుతాయి. ఆ నీళ్ళలో లీటరుకు అయిదు గ్రాముల ఉప్పు ఉంటే ఒక్క తడికి 500 కిలోల ఉప్పు పొలంలో పోసినట్టు. పది బస్తాలు. నీళ్ళను ఎండ తాగుతుంది, మొక్క తాగుతుంది. ఉప్పును ఎవరూ తాగరు. అది నేలలోనే ఉండిపోతుంది. మళ్ళీ తడికి మళ్ళీ పది బస్తాలు.

నేలలో ఉప్పు పెరిగితే చేతికి తడి తగులుతున్నా మొక్క వేరు ఆ తడిని లాక్కోలేదు. నీళ్ళుండగానే మొక్క దప్పికతో మాడుతుంది. ఆ ఉప్పులోని సోడియం రేగడి మట్టిని పట్టుకుంటే మట్టి రేణువులు విడిపోయి నేల బిగుసుకుంటుంది. వానకు బురద, ఎండకు రాయి. నీళ్ళు ఇంకవు. మిరప, చిక్కుడు ఉప్పుకు ఓర్చలేవు. వరికి నారు దశలో ఉప్పు తగిలితే దెబ్బ తప్పదు. పత్తి కొంత ఓర్చుకుంటుంది. అంటే మొదట పోయేది ఆడకూలీలకు ఎక్కువ రోజుల పని ఇచ్చే మిరప తోటే.

శుద్ధి కేంద్రం చేయలేని పని

"శుద్ధి కేంద్రం కడతాం, ఇంకేం భయం?" అంటారు అధికారులు. ఇక్కడ మోసపోవద్దు. మామూలు శుద్ధి కేంద్రంలో మురికిని సూక్ష్మజీవుల చేత తినిపిస్తారు. రక్తం, కండ, వెంట్రుక, కొవ్వు ఇవన్నీ అవి తింటాయి. ఉప్పును తినే జీవి లేదు. వాసన పోయి, రంగు పోయి, నీళ్ళు తేటగా బయటికి వస్తాయి. నాలికె మీద వేసుకుంటే మాత్రం ఉప్పు ఉప్పే. తేట నీళ్ళను చూసి నమ్మినవాడు పొలాన్ని పోగొట్టుకుంటాడు.

కోర్టుల ఒత్తిడి వల్ల తమిళనాడు శుద్ధి కేంద్రాల్లో ఉప్పు తీసే యంత్రాలు పెట్టారు. మన ఊళ్ళలో ఫిల్టరు నీళ్ళ ప్లాంటు ఉంది గదా, ఆ పద్ధతే. సన్నని పొరలోంచి నీళ్ళను గట్టిగా నెడితే ఒక పక్క మంచినీళ్ళు వస్తాయి, ఇంకో పక్క ఉప్పు చిక్కబడ్డ నీళ్ళు మిగులుతాయి. ఆ చిక్కటి నీళ్ళను మరిగించి ఆవిరి చేస్తే ఉప్పు గడ్డ కడుతుంది. దానికి కరెంటు కావాలి, వంటచెరుకు కావాలి, డబ్బు కావాలి. ఇంత చేసి తీసిన ఉప్పు రకరకాల రసాయనాల కల్తీ. వంటకు పనికిరాదు, పరిశ్రమకు సులభంగా పనికిరాదు. సంచుల్లో నింపి షెడ్లలో గుట్టలు పెడతారు. వాన తగిలితే మళ్ళీ కరిగి మొదటికే వస్తుంది.

శుద్ధి కేంద్రాల దగ్గర ఎవరి ప్రాణాలు పోతున్నాయో కూడా చూడాలి. 2015 జనవరి 31న రాణిపేట పారిశ్రామిక వాడలో శుద్ధి కేంద్రం బురద నిలవచేసిన తొట్టి గోడ రాత్రివేళ కూలింది. పక్క కార్ఖానాలో నిద్రపోతున్న కూలీల మీద ఆ బురద పడింది. పదిమంది చచ్చిపోయారు. ఎక్కువమంది పశ్చిమ బెంగాల్ నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చినవాళ్ళు. 2025 ఫిబ్రవరిలో కలకత్తా దగ్గర బంతలా తోళ్ళ పారిశ్రామిక వాడలో మురుగు కాలువ శుభ్రం చేయబోయి ముగ్గురు కూలీలు చచ్చిపోయారు. మనుషులను మురుగు గుంతల్లోకి దించే ప్రమాదకరమైన పనిని నిషేధిస్తూ 2013లోనే చట్టం వచ్చింది. చట్టం కాగితం మీద ఉంది, కూలీ గుంతలో ఉన్నాడు.

ఉప్పును తోలు మీదనే పట్టుకోవాలి

కనుక అసలు సంగతి ఏమిటంటే, ఉప్పు నీళ్ళలో కరిగిన తర్వాత పట్టుకోవడం చాలా కష్టం, చాలా ఖర్చు. తోలు మీద గల్లుగా ఉన్నప్పుడు చేత్తో పట్టుకోవచ్చు. ఈ పద్ధతులు కొత్తవి కావు, ఎక్కడో విదేశంలో దాచిపెట్టినవీ కావు.

మద్రాసులో కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థ 1948 నుంచి ఉంది. దాన్ని 1958 నుంచి 1971 దాకా నడిపినవారు మన తెలుగువాడు, తెనాలి దగ్గర యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. 1985లో కనిష్క విమానం కూలినప్పుడు ఆయన చనిపోయారు. పరిశోధన ప్రయోగశాల గోడలు దాటి పల్లెలోని తోలు పనివాడికి చేరాలని పట్టుబట్టిన శాస్త్రజ్ఞుడాయన. ఉప్పు పాలు తగ్గించి, సూక్ష్మజీవులను ఆపే వేరే పదార్థాలు కొద్దిగా కలిపి తోలు నిలవచేసే పద్ధతుల మీద ఆ సంస్థలో తర్వాత కాలంలో పరిశోధనలు జరిగాయి.

చేయగలిగిన పనులు వరుసగా చెబుతాను.

మొదటిది, దూరం తగ్గించడం. వధశాల దగ్గరలోనే తోలును పచ్చిగా పనిలోకి తీసుకుంటే ఉప్పు అవసరమే పడదు. కొద్ది రోజుల నిలవకు చల్లటి గది చాలు. పాలకు చల్లబరిచే కేంద్రాలు ఊరూరా పెట్టగలిగాం, తోళ్ళకు పెట్టలేమా?

రెండోది, దులపడం. నానబెట్టే ముందు తోలు మీద మిగిలిన ఉప్పును దులిపి తీయాలి. దీనికి కర్రలతో గుమ్మటంలా కట్టిన చట్రం ఉంది. దానిమీద తోలును రెండు మూడుసార్లు విదిలించి కొడితే ఉప్పు సందుల్లోంచి కిందికి రాలుతుంది. ఐక్యరాజ్య సమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ తమిళనాడు కార్ఖానాల్లో దీన్ని చేసి చూపించింది. జల్లెడ కన్నాలున్న డ్రమ్ములో వేసి తిప్పినా రాలుతుంది. ఒక్క విషయం నిజాయితీగా చెప్పాలి. ఉప్పంతా రాలదు. చాలా భాగం తోలు తడిలో కరిగి లోపలే ఉంటుంది. చేత్తో దులిపితే పదో వంతు, కాస్త పైన వస్తుంది. మన లెక్కలో 300 కిలోలకు 30 కిలోలు. చిన్నదే అనిపిస్తుంది. కానీ ఆ 30 కిలోలు నీళ్ళలో కరిగి ఉంటే పలచన చేయడానికి పద్నాలుగు వేల లీటర్ల మంచినీళ్ళు కావాలి. రాలిన ఉప్పును కరిగించి, వడగట్టి పికిలింగ్‌కు వాడుకోవచ్చు.

మూడోది, నానబెట్టిన మొదటి నీళ్ళను వేరే కాలువలో పంపడం. చిక్కటి ఉప్పు నీళ్ళను మిగతా నీళ్ళతో కలిపితే అన్నీ ఉప్పవుతాయి. వేరుగా ఉంచి, అడుగున నీళ్ళు ఇంకకుండా కట్టిన మళ్ళల్లో ఎండబెట్టవచ్చు. సముద్రం ఒడ్డున ఉప్పు మళ్ళు చేసే పనే ఇది. అయితే అడుగు పగిలినా, వానకు కట్ట తెగినా ఆ మడే పెద్ద ప్రమాదం. రోజూ చూసుకునే మనిషి ఉండాలి.

నాలుగోది, పికిలింగ్ నీళ్ళను పారబోయకుండా మళ్ళీ మళ్ళీ వాడడం.

ఇక్కడ ఒక మాయమాటను పట్టుకోవాలి. "మేం నీళ్ళ వాడకం సగానికి తగ్గించాం" అని కొన్ని యాజమాన్యాలు చెప్పుకుంటాయి. మంచిదే. కానీ నీళ్ళు తగ్గితే ఉప్పు తగ్గదు. అదే ఉప్పు సగం నీళ్ళలో ఉంటే రెండింతలు చిక్కనవుతుంది. ఎన్ని లీటర్లు వదిలారని కాదు, ఎన్ని కిలోల ఉప్పు లోపలికి వచ్చింది, ఎన్ని కిలోలు ఎక్కడికి పోయింది అని అడగాలి.

ఎందుకు జరగడం లేదు?

ఇంత సులభమైన పని ఎందుకు జరగదు? కారణం ఒక్కటే. ఉప్పు చవక, దులపడానికి మనిషి కావాలి. మనిషికి కూలి ఇవ్వాలి. రాలిన ఉప్పు విలువ ఆ కూలికి సరిపోదు. యజమాని బేరీజు అంతటితో ఆగిపోతుంది. దులపని ఉప్పు వల్ల పొలం పోతే ఆ నష్టం అతని ఖాతాలో పడదు. రైతు ఖాతాలో పడుతుంది, కూలీ కడుపు మీద పడుతుంది. కాబట్టి చౌడు పడడానికి అసలు కారణం శాస్త్రం తెలియకపోవడం కాదు, ఖర్చును ఇంకొకరి నెత్తిన రుద్దే వీలుండడం.

చిన్న గోదాముల సంగతి ఇంకా కొంచెం భిన్నం. తోళ్ళు సేకరించే చిన్న వ్యాపారి కూడా పెద్ద కార్ఖానా చెప్పిన ధరకే అమ్ముకోవాలి. అతని మీద ఒక్కడి మీదనే భారం వేస్తే అతను కూలీ నెత్తిన వేస్తాడు. అందువల్ల తక్కువ ఉప్పుతో సరిగ్గా నిలవచేసిన తోలుకు మంచి ధర ఇవ్వవలసిన బాధ్యత కొనే కార్ఖానాది.

దులిపే పని కూడా చేతులతో చేసేదే. ఉప్పు దుమ్ము కళ్ళల్లో పడుతుంది, పగుళ్ళలో పడుతుంది. పొలాన్ని కాపాడే పేరు మీద కూలీ చేతులను బలిపెట్టడానికి వీల్లేదు. 1948 కనీస వేతనాల చట్టం చేసిననాడే దాని షెడ్యూలులో ఒక భాగంలో తోళ్ళ కార్ఖానాల పని, ఇంకో భాగంలో వ్యవసాయ పని చేర్చారు. ఆ చట్టం స్థానంలో ఇప్పుడు వేతనాల కోడ్ వచ్చింది. చట్టం పేరు మారినా మన రెండు రకాల కూలీలూ ఒకే గట్టు మీద నిలబడి ఉన్నారు.

మన చెరువుల సంగతి

ఇదంతా తమిళనాడు గోడు, మనకెందుకు అనుకోవద్దు. ఉమ్మడి రాష్ట్రంలో తోళ్ళ పరిశ్రమ అభివృద్ధికి లిడ్‌క్యాప్ సంస్థను 1973లో పెట్టారు. మన స్టేషన్ ఘన్‌పూర్‌లో చిన్న తోళ్ళ పార్కు మాట కూడా పాతదే. తోలు పని చేసే కుటుంబాల పిల్లలు ఆ ఉపాధి కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్ళ ఆశ న్యాయమైనది. తరతరాలుగా తోలు పని తెలిసిన చేతులకు పని లేక, ముడి తోలు లారీలెక్కి పోతుంటే చూస్తూ ఉండాలా? పార్కు వద్దు అనడం మన మాట కాకూడదు. ఉప్పు లెక్క చూపించి రా అనడం మన మాట కావాలి.

ఎందుకంటే వరంగల్లు భూమి తీరు వేరు. మనవి కాకతీయుల నాటి నుంచి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పోస్తే కింది చెరువు నిండుతుంది, దాని అలుగు ఇంకో చెరువుకు. ఈ గొలుసు వల్లనే కరువులో కూడా బతికాం. అదే గొలుసులో పైన ఒక్కచోట ఉప్పు పడితే కింది ఊళ్ళన్నిటికీ అంచెలంచెలుగా చేరుతుంది. చెరువులో నీళ్ళు ఎండినకొద్దీ ఉప్పు చిక్కబడుతుంది. చెరువు పూడిక తీయవచ్చు. చెరువు కింద బావుల్లో, బోర్లలో చేరిన ఉప్పును ఎవరు తీస్తారు?

ఏం అడగాలి?

ఒకటి. తోళ్ళ గోదాము నుంచి కార్ఖానా దాకా ప్రతిచోటా ఉప్పు లెక్క పుస్తకం ఉండాలి. ఎన్ని బస్తాలు కొన్నారు, ఎంత రాల్చి తీశారు, ఎంత నీళ్ళలో పోయింది, ఆ లెక్క గ్రామ సభలో చదవాలి.

రెండు. గోదాముల్లో కారే ఉప్పునీళ్ళకు గచ్చు, తొట్టి ఉండాలి. తూము పొలంలోకి తెరవడానికి వీల్లేదు.

మూడు. కొత్తగా తోళ్ళ పార్కు ఏది పెట్టినా చల్లటి గదులు, దులిపే చట్రాలు, వేరే కాలువ ముందు కట్టాలి. కార్ఖానా తలుపు తర్వాత తెరవాలి.

నాలుగు. ఉప్పు చల్లేవాళ్ళకు, దులిపేవాళ్ళకు చేతి తొడుగులు, బూట్లు, కళ్ళద్దాలు, మందు ఖర్చు, చట్టప్రకారం కూలి ఇవ్వాలి. గుంతలోకి మనిషిని దించితే యజమాని మీద కేసు పెట్టాలి.

అయిదు. చుట్టూ ఉన్న బావుల నీళ్ళను ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలంలోనూ వానలు వెలిసినాకనూ పరీక్షించి ఫలితం పంచాయతీ గోడ మీద రాయాలి. పార్కు పెట్టకముందు పరీక్ష తప్పనిసరి. ముందు నీళ్ళు ఎట్లా ఉన్నాయో కాగితం లేకపోతే రేపు కోర్టులో మన మాట నిలవదు.

ఆరు. భూమి చౌడు పడితే ఇచ్చే పరిహారంలో ఆ భూమి మీద బతికిన కూలీల పోయిన పనిదినాలు కూడా లెక్కగట్టాలి.

ఆ గోదాములో కూలి తగాదా చివరికి తెగింది. రోజుకు కొంత పెరిగింది, రబ్బరు తొడుగులు వచ్చాయి. పోయిన నెల ఆ అక్క కనిపించింది. "చెంచ పక్కకు పెట్టిన అన్నా, చేత్తోనే తింటున్న" అన్నది. తూము సంగతి అడిగాను. "అది అట్లనే ఉన్నది" అన్నది.

అదే మన ముందున్న పని. కూలీల సంఘం తొడుగులు తేగలిగింది. తూము మూయించాలంటే కూలీల సంఘం ఒక్కటి చాలదు. గట్టు మీద కూర్చున్న ఆ రెండెకరాల రైతు కూడా లేచి రావాలి. ఈ ఆదివారం మీ ఊళ్ళో, మీ వాడలో తోళ్ళ ఆటో ఎటు పోతుందో చూడండి. దాని వెంట పోయి గోదాము వెనక్కి నడవండి. అక్కడ నేల తెల్లగా ఉంటే ఆ ఊరి రైతునూ, ఆ గోదాము కూలీనీ ఒకచోట కూర్చోబెట్టి ఈ లెక్క చదివి వినిపించండి.